వీపున బ్యాగులతో కొండవీడు ఎక్కి దిగాం

పోస్టు కొంచెం పెద్దది. కొండవీటి చేంతాడంత కాదులే గానీ, మెస్ లైన్లో నిలబడి చదివితే మీ వంతు వచ్చేలోపు మాత్రం అవ్వదు. పడుకునే ముందు చదవండి.

మేం నలుగురం. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. హాస్టల్లో మాకు పేర్ల కన్నా ఊళ్ళతోనే పిలుపు ఎక్కువ, ఇక్కడా అట్లాగే రాస్తాం. బొల్లాపల్లి అంటే ఆ మండలంలో ఒక తండా నుంచి వచ్చిన సుగాలి కుర్రాడు. వెల్దుర్తి అంటే మాచర్ల వైపు నల్లమల అంచున చెంచు గూడెం వాడు. రొంపిచర్ల మా ఎరుకల తమ్ముడు, బీజడ్సీ చదువుతాడు, ఏ చెట్టు కనపడినా దానికి లాటిన్ పేరు చెప్పందే కదలడు. నాలుగోవాడు ఈ పోస్టు టైపు చేస్తున్నాడు, వాడి గురించి చెప్పేంత ఏం లేదు.

సెప్టెంబరులో ఒక రాత్రి కరెంటు పోయింది. ఫోన్లో చార్జింగు ఉన్నది రొంపిచర్లకే. వాడి మంచం చుట్టూ చేరి ఒక వీడియో చూశాం. ఎవరో విదేశీ కుర్రాడు, మన వయసే ఉంటుంది, వీపున తన కన్నా పెద్ద బ్యాగు వేసుకుని దక్షిణ అమెరికాలో తిరుగుతున్నాడు. ఆ ఊరు మెండోసా, అర్జెంటీనాలో ఉంది, మన మెస్సీ దేశం. వెనక ఆండీస్ కొండలు, మంచుతో తెల్లగా. ఆ రాష్ట్రంలోనే అకాంకాగువా అనే శిఖరం ఉంది, 6,961 మీటర్లు, ఆసియా బయట అంత ఎత్తు కొండ ఇంకెక్కడా లేదు. కొండల కింద కనుచూపు మేర ద్రాక్షతోటలు. వాటితో వైను చేస్తారు. ఆ కుర్రాడు ఒక తోటకి సైకిల్ మీద పోతాడు, గ్లాసులో రెండు గుక్కలు పోయించుకుంటాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, ఇంకో తోటకి పోతాడు. దాన్ని టేస్టింగ్ అంటారంట. "మా తాత ఇప్పసారా తాగితే తాగుబోతు అన్నారు, ఈడు తాగితే టేస్టింగా!" అని వెల్దుర్తి అంటే నవ్వుకున్నాం.

అప్పుడు బొల్లాపల్లి "ఆపు, ఆపు. వెనక్కి పో" అన్నాడు. వెనక్కి జరిపాం. ఆ కుర్రాడు నవ్వుతూ గ్లాసు ఎత్తినచోట, వాడి భుజం వెనకాల, తోట సాళ్ళ మధ్యలో కొందరు నెత్తి మీద, భుజం మీద బకెట్లు పెట్టుకుని పరిగెడుతున్నారు. ఆడాళ్ళు కూడా ఉన్నారు. మూడు సెకన్లు కనపడ్డారు. "వాళ్ళెవర్రా?" అని అడిగాడు. వీడియోలో చెప్పలేదు.

మర్నాడు వాడు లైబ్రరీ కంప్యూటర్లో కూర్చుని వెతికాడు. మా అందరికీ వచ్చి చెప్పాడు. అక్కడ ద్రాక్ష కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అంటే మన మిరపకోత నెలలే. కోసేవాళ్ళలో చాలామంది పక్క దేశం బొలీవియా నుంచి, అర్జెంటీనా ఉత్తరం వైపు నుంచి వలస వస్తారు. సుమారు 20 కిలోలు పట్టే బకెట్టు నింపి, పరిగెత్తుకుంటూ పోయి లారీలో పోస్తే ఒక బిళ్ళ ఇస్తారు. రోజు చివర బిళ్ళలు లెక్కపెట్టి డబ్బులు. అందుకే ఆ పరుగు. ఇంకో మాట కూడా చెప్పాడు. మెండోసాలో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది. కొండల మీద మంచు కరిగిన నీళ్ళు కాలవల్లో వస్తేనే తోట. ఆ కాలవలు మొదట తవ్వింది అక్కడి ఆదివాసులు, హువార్పేలు అంటారు. స్పెయిన్ వాళ్ళు వచ్చేటప్పటికే కాలవలు ఉన్నాయి. ద్రాక్ష తర్వాత వచ్చింది.

"మనం కూడా పోదాం" అన్నాడు రొంపిచర్ల. "అర్జెంటీనాకా?" "కాదురా, బ్యాక్‌ప్యాకింగ్. బ్యాగులు ఉన్నాయి, కొండ కావాలి అంతే."

దగ్గర్లో కొండంటే కొండవీడు. మేం ముగ్గురం ఎగిరి గంతేశాం. బొల్లాపల్లి ఒక్కడూ "నేను రాను, ఆ కొండ చూశాలే" అన్నాడు. ఎప్పుడు చూశావంటే చెప్పలేదు. కార్తీకమాసం మూడో ఆదివారం పొద్దున బస్టాండుకి పోతే మాత్రం మా కన్నా ముందు వచ్చి కూర్చున్నాడు.

బ్యాగుల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాం. మన ఇళ్ళల్లో బ్యాగు సర్దారంటే వలస పోతున్నారనే. బియ్యం, గిన్నెలు, దుప్పటి, పసిపిల్ల. ఊరికే చూడటానికి బ్యాగు వేసుకుని బయల్దేరిన మనిషి మా నలుగురి ఇళ్ళల్లో ఇంతవరకు లేడు. సుగాలీల తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగారు, దాన్ని లదేణి అనేవాళ్ళు. మొగలు సైన్యాలకి దక్కన్లో తిండి మోసింది వాళ్ళే. తర్వాత రైళ్ళు వచ్చాయి, ఎద్దులు పోయాయి. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. మద్రాసు వైపు ఎరుకల వాళ్ళని కూడా అందులో చేర్చారు, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు అట్లా పుట్టిందే. ఊరు దాటాలంటే చీటీ కావాలి. దేశమంతా ఆ చట్టం పోయింది 1952లో. రొంపిచర్ల వాళ్ళ ముత్తాత చీటీ లేకుండా పక్క ఊరికి పెళ్ళికి పోయి దెబ్బలు తిన్నాడంట. ముత్తాతకి లేని సైటు సీయింగు మనవడికి వచ్చిందని వాడే జోకు వేశాడు. మేం నవ్వలేదు, వాడు కూడా నవ్వలేదు.

గుంటూరు బస్సెక్కి ఫిరంగిపురంలో దిగాం. పెద్ద చర్చి బయట టీ తాగి, షేర్ ఆటోలో కొండవీడు చేరాం. దారి పొడుగునా పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నాయి. బొల్లాపల్లి ఆటోలో అటు వైపు కూర్చోకుండా ఇటు వైపుకి మారాడు. ఎండ పడుతుందన్నాడు. అప్పుడు మాకేం అర్థం కాలేదు.

ఊళ్ళో గోపీనాథస్వామి గుడి ఉంది. దాన్ని కత్తుల బావి అంటారు. లోపల బావిలో కత్తులు నాటి, సామంతుల్ని ఒక్కొక్కరినీ గుళ్ళోకి పిలిచి అందులో పడేట్టు చేశారని కథ. రెడ్డి రాజుల్లో ఆఖరివాడు రాచవేమారెడ్డి మీద ఇంకో కథ ఉంది. బిడ్డ పుడితే పన్ను కట్టాలని పురిటి సుంకం వేశాడంట, పన్ను కట్టలేని ఒకడు పొడిచి చంపాడంట. కథలో నిజమెంతో గానీ, జనానికి ఇన్నేళ్ళు గుర్తున్నది మాత్రం ఆ సుంకమే.

పైకి ఘాట్ రోడ్డు వేశారు. కార్తీకం కదా, కార్లు, బస్సులు, వంటపాత్రలు వేసుకుని ట్రాక్టర్లు ఎక్కుతున్నాయి. ఒక్కో బ్యానరు మీద ఒక్కో కులం వనభోజనం. "మనది ఏదిరా?" అని అడిగాడు వెల్దుర్తి. "మీకు రోజూ వనభోజనమే కదరా" అన్నాడు రొంపిచర్ల. మేం రోడ్డు వదిలి పాత మెట్ల దారి పట్టాం.

ఎక్కడం మొదలుపెట్టాక తెలిసింది, బ్యాక్‌ప్యాకింగ్ అంటే వీడియోలో చూసినంత సుఖం కాదు. మా స్కూలు బ్యాగుల పట్టీలు ఒకటి తెగింది. నీళ్ళ సీసాలు సగం దారికే అయిపోయాయి. వెల్దుర్తి మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని ముందు పోతున్నాడు. సీతాఫలం చెట్లు రెండు వైపులా. సీజను చివర, ఆకులు పసుపు తిరిగాయి, కాయలు అక్కడొకటి ఇక్కడొకటి. వాడు చెట్టుని చూసి కాదు, కింద చీమల్ని చూసి పండు ఎక్కడుందో చెబుతున్నాడు. ఒక బండ పక్కన ఆగి తేనెపట్టు చూపించాడు. చెంచులు తేనెకి లోయలోకి తాడు కట్టుకుని దిగుతారు కదా, పైన ఆ తాడు పట్టుకునేది బావమరిదేనంట. సొంత తమ్ముడైతే ఆస్తి కోసం వదిలేస్తాడేమో, బావమరిదైతే వాడి అక్క పసుపుకుంకాలు అందులో ఉన్నాయి కాబట్టి వదలడు. "మీ కొండవీటి చేంతాడు ఎంత పొడుగున్నా, పట్టుకునేవాడు ఎవడనేది చూసుకోవాలిరా" అన్నాడు.

పైన గాలి చల్లగా ఉంది. పడిపోయిన గోడలు, బురుజులు, గుడి, మసీదు. మూడు చెరువులు ఉన్నాయి, ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. ఒకటి నిండితే నీళ్ళు రెండోదానికి, అది నిండితే మూడోదానికి పోయేట్టు కట్టారని మేకలు తోలుకొచ్చిన పెద్దాయన చెప్పాడు. రాజ్యం సంగతి మాకు తెలిసిందే. ప్రోలయ వేమారెడ్డి 1325లో అద్దంకిలో మొదలుపెడితే, కొడుకు అనవోతారెడ్డి రాజధానిని ఈ కొండకి మార్చాడు. 1424తో రెడ్ల పని అయిపోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి కోట పట్టుకున్నాడు. ఆ తర్వాత గోల్కొండ వాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి కర్పూరం, కస్తూరి ఓడల్లో దేశాలు దాటి వచ్చేవంట. మోటుపల్లి రేవు నుంచి ఈ కొండ దాకా అదంతా ఎవరి వీపు మీద వచ్చిందో మేం చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనపడలేదు.

చెరువు గట్టున కూర్చుని పులిహోర విప్పాం. మెస్ అన్న ప్రేమగా కట్టిచ్చాడు, ఎండుమిరపకాయలు దండిగా వేసి. అప్పుడు రొంపిచర్ల చెప్పాడు, "ఈ కోట కట్టిన రాజులు ఒక్కళ్ళూ మిరపకాయ తినలేదు." మేం నమ్మలేదు. వాడు వివరంగా చెప్పాడు. మిరప దక్షిణ అమెరికా మొక్క. కొలంబస్ ఓడ ఎక్కింది 1492లో. పోర్చుగీసు వాళ్ళు మన తీరానికి మిరప తెచ్చేసరికి ఈ రెడ్డి రాజ్యం పోయి వందేళ్ళ దాకా అయింది. అంతకుముందు కూరలో కారం అంటే మిరియమే, మిరప అనే మాట కూడా దాన్నుంచి వచ్చిందే. వేరుశనగ కూడా అటు నుంచే. ఇంకా, సీత పేరు పెట్టుకున్న ఈ పండు కూడా అమెరికా వైపుదేనని వాళ్ళ బోటనీ పుస్తకంలో ఉందంట. వెల్దుర్తి పండు చేతిలో తిప్పి చూసుకుని "మా అవ్వకి చెప్పకు, ఏడుస్తది" అన్నాడు.

బొల్లాపల్లి తినడం ఆపేశాడు. లేచి గోడ అంచుకి పోయి నిలబడ్డాడు. మేం కూడా పోయాం. కింద చేలు గళ్ళ దుప్పటి పరిచినట్టున్నాయి. వాడు వేలు పెట్టి చూపించాడు. "అదిగో, ఆ వేపచెట్టు పక్కన రేకుల షెడ్డు. దాని వెనక చేలో రెండేళ్ళు మిరపకాయలు కోశా. ఐదో క్లాసు, ఆరో క్లాసు. జనవరిలో వచ్చేవాళ్ళం, ఏప్రిల్‌కి పొయ్యేవాళ్ళం. మధ్యాహ్నం చేతులు మండి కళ్ళు తుడుచుకోలేక ఈ కొండనే చూస్తా ఉండేవాణ్ణి. పైన ఏముంటది అని యాడిని అడిగితే, రాజులుంటారు, పని చెయ్యి అనేది."

యాడి అంటే గోర్ బోలీలో అమ్మ, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం.

మేం ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డాం. వాడే మళ్ళీ అన్నాడు. "యాడి ఇప్పుడు కూడా అక్కడే ఉంది. పత్తి తీత. చెల్లి కూడా వచ్చింది." ఆటోలో ఎందుకు ఇటు మారి కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. "ఇంకోటి కూడా చెప్పాలి. నేను డిసెంబరు నుంచి కాలేజీకి రాను."

వాడి స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఇంటిపేరు ఆధార్లో ఒకరకంగా, పదో తరగతి సర్టిఫికెట్లో ఒకరకంగా ఉంది. ఏడాదిన్నరగా ఆగిపోయింది. సరిచేయమని తిరిగిన చోటల్లా ఇంకోచోటికి పొమ్మన్నారు. ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమన్నారు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వాళ్ళ మామ పిలుస్తున్నాడంట. పక్క మంచం మీద పడుకునేవాళ్ళం, మాకు ఒక్క ముక్క చెప్పలేదు. వెల్దుర్తికి కోపం వచ్చింది. "తాడు కట్టుకోకుండానే దిగుతావా ఏందిరా?" అని గట్టిగా అరిచాడు. పక్కన వనభోజనాల వాళ్ళు మా వైపు చూశారు.

మిగతా కోట చూడలేదు. దిగిపోయాం.

కొండ కింద బుట్టల్లో సీతాఫలాలు అమ్ముతుంటే మా దగ్గరున్న చిల్లరంతా పెట్టి ఒక సంచి కొన్నాం. చేను దగ్గరికి పోయేటప్పటికి ఒంటిగంట దాటింది. గట్టు పక్కన నీలం పట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. వాడి యాడి సాలు మధ్యలో ఉంది, నడుముకి గుడ్డ ఒడిలా కట్టుకుని. మమ్మల్ని చూసి ముందు భయపడింది, ఎవరికి ఏమైందోనని. తర్వాత కొడుకు బ్యాగు, బూట్లు చూసి, "యాడ నుంచి వచ్చార్రా?" అంది. కొండ మీద నుంచి అని చెప్పాం.

ఆమె తలెత్తి కొండ వైపు చూసింది. "పైన ఏముంది?"

అన్నేళ్ళు దాని కిందే పని చేసిన మనిషికి ఏం చెప్పాలి? చెరువులున్నాయమ్మా, పడిపోయిన గోడలున్నాయి, చల్లగాలి ఉంది అని చెప్పాం. "రాజులు లేరా?" అని నవ్వింది. సీతాఫలం ఇస్తే తినలేదు, చెల్లిని పిలిచి ఇచ్చింది.

అప్పుడు వాడు చెప్పేశాడు, తలొంచుకుని, గోర్ బోలీలో. మాకు పూర్తిగా అర్థం కాకపోయినా ఏం చెబుతున్నాడో తెలుసు. ఇక్కడే ఉండి నీతో పత్తి తీస్తా, సంక్రాంతి తర్వాత మామ దగ్గరికి పోతా అని. ఆమె చేతులు ఆగలేదు. రెండు మొక్కలు అయ్యాక మా కోసమేమో తెలుగులో అంది, "సరే, సాయంత్రం దాకా తియ్యి. ఎంత తీస్తావో చూద్దాం."

మేం నలుగురం దిగాం. పత్తి తీసి చూడనివాళ్ళు మాలో ఎవరూ లేరు, కానీ హాస్టల్ చేతులు మెత్తబడ్డాయి. పగిలిన కాయ మొనలు గోళ్ళ పక్కన గీసుకుపోతాయి. నడుం వంచితే లేవదు. పక్క సాల్లో వాడి చెల్లి, తొమ్మిదో క్లాసు, మమ్మల్ని దాటుకుని పోతా పోతా "అన్నా, ఆకులు కూడా తీస్తున్నారు" అని ఎక్కిరించింది. ఆదివారం కాబట్టే వచ్చానని, సోమవారం బడికి పోతానని మేం అడక్కుండానే చెప్పింది. నమ్మాలో వద్దో తెలియలేదు.

ఐదింటికి కాటా వేశారు. కిలోకి 12 రూపాయలు. ఆమెవి పొద్దుటి నుంచి 46 కిలోలు. బొల్లాపల్లివి 9. మేం ముగ్గురం కలిపి 17, అదీ ఆకు తీసేయకుండా. ఆమె కాటా దగ్గరే పడీ పడీ నవ్వింది, మిగతా ఆడాళ్ళు కూడా. "నీ తీతకి నీ కూటి ఖర్చు కూడా రాదురా నాయనా. ఆరో క్లాసులోనే బాగా తీసేవాడివి. నీ చేతికి ఇప్పుడు పెన్నే పని. పోయి చదువుకో." మేం తీసిన కిలోలు కూడా ఆమె లెక్కలోనే వేయమన్నాం. మేస్త్రీ మా మొహాలు చూసి, ఆకు తీసేసి తూకం సరిచేసి, 24 అని రాసుకున్నాడు.

గుడిసెలోకి పోయి ఒక గుడ్డ మూట తెచ్చింది. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని పెట్టుకుందంట, కొడుకు అడుగుతాడని. ఫీజుకి సగం కూడా కాదు. వాడు తీసుకోను అన్నాడు. ఆమె వాడితో వాదించలేదు, బ్యాగు జిప్పు తీసి పుస్తకం మధ్యలో పెట్టింది. మిగతా సగానికి మా ముగ్గురి దగ్గరున్నవి, మెస్ అన్న ఇచ్చినవి, సీనియర్ అక్క ఒకామె ఇచ్చినవి కలిశాయి. హాల్ టికెట్ వచ్చింది. పరీక్షలు రాస్తున్నాడు. స్కాలర్‌షిప్ మాత్రం అట్లానే ఉంది.

బస్సు ఎక్కడానికి రోడ్డు మీదకి వస్తుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. ఏదో మర్చిపోయామనుకున్నాం. "ఈసారి వచ్చినప్పుడు నన్ను కూడా పైకి తీసుకుపోండ్రా. మోకాళ్ళు నొప్పి, మెట్లు ఎక్కలేను. బండి పోతదా?" అని అడిగింది.

అందుకే ఈ పోస్టు. రెండు విషయాలు కావాలి. ఒకటి, ఆధార్లో, సర్టిఫికెట్లో ఇంటిపేరు వేరుగా ఉండి స్కాలర్‌షిప్ ఆగిపోతే సరిచేయించుకున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఏ కాగితం ముందు పెట్టాలో, ఎవరి సంతకం కావాలో కామెంట్లో వివరంగా రాయండి. రెండోది, కొండవీడు ఘాట్ రోడ్డులో మామూలు ప్యాసింజరు ఆటో ఆరుగురితో పైదాకా ఎక్కుతుందా, మధ్యలో ఆపేస్తారా? మిరపకోత మొదలైతే ఆమెకి ఆదివారం కూడా ఖాళీ ఉండదు, సంక్రాంతిలోపే తీసుకుపోవాలి.